శివారు మడికి అందని గాలి

రండర్రా, ఇలా రండి. ఆ చాప ఇటు లాగండి. చోటు చాలని వాళ్ళు మెట్ల మీద సర్దుకోండి. బామ్మ ఇప్పుడే ఎసరు పెట్టింది. అన్నం ఉడికి పిలుపొచ్చేలోగా ఒక మంచి మనిషి కథ చెబుతాను. ఈ కథ నేను అనుకుని మొదలుపెట్టింది కాదు, మన చంటిగాడు నాచేత చెప్పిస్తున్నాడు.

పొద్దున్న పక్కింటి అత్తయ్య పట్నం నుంచి వచ్చింది కదా, శని ఆదివారాలు సెలవని. గొంతులో గడ్డకి కరెంటు పెట్టించుకుంటోందని మీ అమ్మలు అనుకోవడం వినే ఉంటారు. అది కరెంటు కాదర్రా, రేడియేషన్. ఫైలు చదివి పెట్టమని నా చేతికిచ్చింది. అందులో 66 గ్రే, 33 సార్లు, సారికి 2 గ్రే అని రాసి ఉంది. చంటిగాడు నా భుజం మీంచి తొంగిచూసి, "తాతా, గ్రే అంటే ఏంటి? 33 సార్లు ఎందుకు, ఒక్కరోజే పెట్టేస్తే అత్తయ్యకి రోజూ తిరిగే బాధ తప్పుతుందిగా?" అన్నాడు. నలభై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పాను. ఇంత తిన్నగా అడిగిన పిల్లలు నాకు ఏ పదిమందో తగిలారు.

ముందు ఇంకో మాట చెప్పాలి, మరిచిపోతానేమో. అత్తయ్య ఒంట్లోంచి కిరణాలు వస్తాయి, పిల్లల్ని దగ్గరికి పంపకండి అని వీధిలో ఎవరో అన్నారట. ఒట్టి మాట. టార్చిలైటు గోడ మీద వేసి ఆపేశాక గోడ వెలుగుతుందా? బయట మిషను నుంచి పెట్టే రేడియేషనూ అంతే. మిషను ఆగిందంటే కిరణమూ ఆగింది. మందుగా మింగించే రేడియో అయోడిన్ లాంటి వాటికి మాత్రం కొన్నాళ్ళు జాగ్రత్తలు చెబుతారు, ఆ సంగతి వేరు. అత్తయ్య ఒళ్ళో ఎంతసేపు కూర్చున్నా మీకేమీ కాదు. ఆ మాట విన్నాక ఆవిడ మనసు ఎంత చివుక్కుమందో నాకు తెలుసు, అందుకే సాయంత్రం మీరంతా వెళ్ళి పలకరించి రండి.

ఇక గ్రే. కిలో, లీటరు లాగా అదొక కొలత. కానీ అది ఒక మనిషి పేరు. లూయిస్ హెరాల్డ్ గ్రే. 1905 నవంబరు 10న లండన్‌లో పుట్టారు. చదువుకున్న బడి పేరు క్రైస్ట్స్ హాస్పిటల్. పేరులో ఆస్పత్రి ఉన్నా అది బడేనర్రా! తర్వాత కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ, కావెండిష్ లాబొరేటరీ. అక్కడ అప్పుడు రూథర్‌ఫర్డ్ పెద్దదిక్కు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టింది ఆ కప్పు కిందే. ఫిజిక్స్ చదివిన కుర్రాడికి అంతకంటే మంచి చోటు భూమ్మీద లేదు. అలాంటిది గ్రే ఏం చేశారూ? 1933లో మూటాముల్లే సర్దుకుని మౌంట్ వెర్నన్ అనే ఆస్పత్రికి వెళ్ళిపోయారు, క్యాన్సరు రోగులకిచ్చే రేడియేషన్‌ని కొలిచే ఉద్యోగానికి. పెళ్ళివారి భోజనాల పంక్తిలోంచి లేచి వంటశాలలోకి వెళ్ళి గరిటె పట్టుకున్నట్టు. నాకు ఆ మనిషి మీద అక్కడే గౌరవం మొదలైంది.

కొలవడం అంటే తేలికనుకునేరు. కిరణం ఒంట్లోకి ఎంత శక్తి మోసుకెళ్ళిందో ఎలా తెలుస్తుంది? ఒళ్ళు కోసి లోపల థర్మామీటరు పెట్టలేం కదా. పెట్టినా లాభం లేదు. ఒక కిలో బరువున్న కండలో ఒక జూలు శక్తి దిగితే అది ఒక గ్రే. ఒళ్ళంతా ఒకేసారి 4 గ్రే తగిలితే, వైద్యం అందకపోతే, మనుషుల్లో దాదాపు సగం మంది బతకరు. అంత భయంకరమైన దెబ్బకి ఒంట్లో వేడి ఎంత పెరుగుతుందనుకున్నారు? డిగ్రీలో వెయ్యో వంతు! బామ్మ ఇచ్చే కాఫీలో అర చెంచా మింగితే ఒంట్లోకి చేరే వేడి అంతకి తక్కువుండదు. నమ్మబుద్ధి కావట్లేదు కదూ? నాకూ మొదటిసారి చదివినప్పుడు కాలేదు, కాగితం మీద లెక్క కట్టుకుంటే గానీ.

మరి అర చెంచా కాఫీ ఎవర్నీ చంపదే, ఇదెందుకు చంపుతుంది? దూది బస్తా వీపు మీద వేసుకుని ఊరంతా తిరగొచ్చు. అరికాల్లో ఒక్క తుమ్మముల్లు దిగితే? బరువు చూస్తే ముల్లు ఏపాటిది! ఎక్కడ, ఎంత మొనతో దిగిందన్నదే ముఖ్యం. కాఫీ వేడి ఒళ్ళంతా దూదిలా పరుచుకుంటుంది. కిరణం శక్తి ముళ్ళలా దిగుతుంది. జీవకణం నడుమ డీఎన్ఏ అని రెండు పేటల నులక తాడు లాంటిది ఉంటుంది. ఒక గ్రే తగిలితే ఒక్కో కణంలో సుమారు వెయ్యి చోట్ల ఒక పేట తెగుతుంది, ఓ నలభై చోట్ల రెండు పేటలూ తెగుతాయి. ఒక పేట తెగితే కణం అతికేసుకుంటుంది, రెండో పేట పట్టుకుని ఉంది కదా. రెండూ ఒకేచోట తెగితేనే చిక్కు.

కొలత దగ్గర ఆగాం కదూ. ఎసట్లో బియ్యం ఉడికాయో లేదో బామ్మ ఎలా చూస్తుంది? ఒక్క మెతుకు పట్టుకుని చూస్తుంది. కుండంతా కలియబెట్టదు. గ్రే చేసింది అలాంటి పనే. వస్తువు మధ్యలో ఒక చిన్న గాలి బుడగంత ఖాళీ ఉంచి, ఆ కాస్త గాలిలో కిరణం ఎంత విద్యుత్తు పుట్టించిందో కొలిస్తే, చుట్టూ ఉన్నదానిలో ఎంత శక్తి దిగిందో లెక్క కట్టొచ్చు. ఆ ఖాళీ మాత్రం చాలా చిన్నదిగా ఉండాలి, కిరణాల నడకని చెదరగొట్టకూడదు. అంతకు చాలా ముందే బ్రాగ్ అనే పెద్దాయనకీ ఈ ఆలోచన తట్టింది. అందుకే 1936 నాటి ఆ సూత్రాన్ని బ్రాగ్-గ్రే సూత్రం అంటారు. ఇవాళ అత్తయ్య వెళ్ళే ఆస్పత్రిలో మిషను సరిగ్గా 2 గ్రేలే ఇస్తోందా అని చూసే చిన్న పరికరం వెనక కూడా ఆ మెతుకు లెక్కే ఉంది.

ఇప్పుడు చిక్కుడు గింజల దగ్గరికి వద్దాం. ఈ భాగమంటే నాకు మరీ ఇష్టం.

మౌంట్ వెర్నన్‌లో గ్రే కంటే ముందు నుంచీ మోట్రామ్ అనే పరిశోధకుడు ఉండేవారు. ఆయన మొలకెత్తిన గింజల వేళ్ళకి రేడియేషన్ పెట్టి, తర్వాత అవి ఎలా పెరుగుతున్నాయో చూసేవారు. మన చిక్కుడుకి దూరపు చుట్టం లాంటి లావుపాటి గింజ అది. వేరు చివర కణాలు గబగబా రెండుగా, నాలుగుగా చీలుతూ ఉంటాయి, క్యాన్సరు గడ్డలో కణాల్లాగే. ఖరీదైన మిషన్లేమీ అక్కర్లేదు. తడి, గింజ, స్కేలు, ఓపిక. గ్రే ఆ పద్ధతి అందిపుచ్చుకున్నారు. 1937లో ఆస్పత్రిలోనే న్యూట్రాన్లు పుట్టించే యంత్రం కట్టి, జాన్ రీడ్ అనే సహచరుడితో కలిసి వేళ్ళ మీద న్యూట్రాన్లూ, గామా కిరణాలూ వేసి చూశారు. కొలత ప్రకారం సమానమైన మోతాదే, కానీ న్యూట్రాన్ దెబ్బ ఎక్కువ. అణువుల శాస్త్రం చదివొచ్చిన మనిషి స్కేలు పట్టుకుని మొలకల వేళ్ళు కొలుస్తూ కూర్చోవడం తలుచుకుంటే నాకెంతో ముచ్చటేస్తుంది.

మోట్రామ్ చూసిన ఒక వింత గ్రే మనసులో నాటుకుపోయింది. గాలి అందకుండా చేసి రేడియేషన్ పెడితే వేళ్ళు పెద్దగా దెబ్బతినవు. గాలి ఆడుతుంటే అదే మోతాదుకి చచ్చిపోతాయి. అంతకు ముందు 1909లోనే ష్వార్జ్ అనే డాక్టరు ఇలాంటిదే గమనించారు. రేడియం ఉన్న పలకని చర్మానికి గట్టిగా నొక్కిపెడితే అక్కడ చర్మం తక్కువ కందుతోంది. నొక్కితే నెత్తురు పక్కకి పోతుంది, అదే కారణమై ఉంటుందన్నారు ఆయన. నెత్తురుతోపాటు పోయింది ఆక్సిజన్ అని తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బామ్మ గుత్తొంకాయకి వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేస్తుంది, ఎందుకర్రా? బయట పెడితే నల్లబడతాయి. కత్తి కోసింది రెండు చోట్లా ఒకటే. గాలి తగిలిన చోట ఆ గాటు మచ్చపడిపోతుంది. వంకాయలో జరిగే రసాయనం వేరే, పోలిక కోసం చెబుతున్నాను. కణంలో ఏమవుతుందంటే, కిరణం నీటిని ముక్కలు చేస్తుంది. మన ఒంట్లో ఎక్కువగా ఉన్నది నీరే కదా. ఆ ముక్కలు ఆకలి మీదున్న కోతుల్లాంటివి. డీఎన్ఏ మీద పడి ఒక హైడ్రోజన్‌ని లాక్కుపోతాయి. కణంలో గంధకం ఉండే కొన్ని పదార్థాలున్నాయి, మంచి ఇరుగుపొరుగు లాంటివి. "పోనీలే, నాది తీసుకో" అని తమ హైడ్రోజన్ ఇచ్చి ఆ ఖాళీ పూడ్చేస్తాయి. ఈలోపు ఆక్సిజన్ అక్కడుందంటే ఆ ఖాళీలో దూరి కబ్జా పెట్టేస్తుంది. ఇక ఖాళీ చేయించడం కణం వల్ల కాదు. ఈ పందెమంతా లిప్తపాటు కూడా కాదు, క్షణంలో వెయ్యో వంతు అటూ ఇటూ. కిరణం వచ్చేటప్పటికే ఆక్సిజన్ కాచుకుని ఉండాలి, తీరిగ్గా తర్వాత వస్తే ప్రయోజనం లేదు. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే దాదాపు మూడు రెట్లు మోతాదు కావాలి.

గ్రే 1946లో లండన్‌లోనే హామర్‌స్మిత్ ఆస్పత్రికి మారారు. 1953లో నలుగురు సహచరులతో కలిసి ఒక పెద్ద వ్యాసం రాశారు. రేడియేషన్ పెట్టే క్షణంలో గడ్డలో ఎంత ఆక్సిజన్ ఉందన్నది వైద్యానికి ముఖ్యం అని అందులో చెప్పారు. ఇప్పుడు విని మనం ఆహా అంటాం గానీ, అప్పటిదాకా అందరి చూపూ కిరణం మీదే. ఎంత బలమైన కిరణం, ఎక్కణ్ణుంచి వేయాలి, ఎన్నాళ్ళు వేయాలి, అంతే. కణం ఊపిరి సంగతి పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

క్యాన్సరు గడ్డలో ఆక్సిజన్ లేని కణాలు ఎందుకుంటాయి? ఆ జవాబు మన ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఇట్టే బోధపడుతుంది. మన పొలాలు ఎక్కడర్రా? శివారులో. ఎగువ ఊళ్ళకి కాలవ నిండుగా పారుతుంది. తూము తూముకీ తగ్గుతూ తగ్గుతూ మన దాకా వచ్చేసరికి నెర్రెలిచ్చిన మడిలోకి జానెడు నీరు దిగితే గొప్ప. దాళ్వా రోజుల్లో మా నాన్న రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కాసేవాడు, నీరు వస్తుందేమోనని. ఒక్కోసారి తెల్లారేదాకా కూర్చుని ఉత్త కాళ్ళతో వచ్చేవాడు, బురద కూడా అంటకుండా. గడ్డలోనూ అంతే. నెత్తురు కాలవ పక్కనున్న కణాలు ఆక్సిజన్ కడుపునిండా తాగేస్తాయి. గడ్డ కణాలు అత్యాశతో పెరుగుతాయి గానీ కాలవలు సక్రమంగా తవ్వుకోవు. నెత్తురు నాళం నుంచి మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు దూరం పోయేసరికి, అంటే రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మేర దాటేసరికి, ఆక్సిజన్ అయిపోతుంది. అక్కణ్ణుంచి ఆవల కణాలు చచ్చి పడి ఉంటాయి.

1955లో థామ్లిన్సన్ అనే డాక్టరూ గ్రే కలిసి ఊపిరితిత్తుల గడ్డల పలచటి పొరల్ని మైక్రోస్కోపులో చూశారు. కణాలు పగ్గాల్లా గుంపులు కట్టి ఉన్నాయి. సన్నటి పగ్గమైతే నిండా బతికే ఉంది. లావుపాటిదైతే నడుమ పుచ్చిపోయి, చుట్టూ బతికిన కణాల బెరడు మిగిలింది. పగ్గం ఎంత లావైనా ఆ బెరడు మందం మాత్రం దాదాపు ఒకటే! గ్రే పెన్సిలు తీసుకుని ఆక్సిజన్ కణాల్లో ఎంత దూరం పాకగలదో లెక్క వేశారు. లెక్కలో వచ్చిన దూరం, కంటికి కనబడిన మందం దగ్గర దగ్గరగా సరిపోయాయి. ఆ సాయంత్రం వాళ్ళకి అన్నం సయించిందో లేదో గానీ, నాకు మాత్రం ఆ వ్యాసం గురించి చదివిన రోజు నిద్ర పట్టలేదు.

చచ్చిన వాటితో బెంగ లేదు. కాలవ పక్కవాటినీ కిరణం చంపేస్తుంది. బాధంతా శివారు కణాలతోనే. ప్రాణం పోలేదు, ఊపిరీ ఆడటం లేదు, ఆ రెండిటి నడుమ నక్కి ఉంటాయి. ఆక్సిజన్ లేదు కాబట్టి కిరణానికి లొంగవు. వైద్యం అయిపోయాక మళ్ళీ నెత్తురు అందితే లేచి పెరుగుతాయి.

చంటీ, నీ రెండో ప్రశ్నకి జవాబు దొరికే చోటికి వచ్చాం. ఒక్కరోజే మొత్తం ఎందుకు పెట్టరు? నీళ్ళకి వంతులు పెట్టినట్టు అనుకో. మొదటి రోజు 2 గ్రేలకి కాలవ పక్కనున్న కణాలు కొన్ని పోతాయి. తాగేవాళ్ళు తగ్గారు కదా, మర్నాటికి ఆక్సిజన్ ఇంకాస్త ముందుకి పారుతుంది. నిన్న శివారులో ఉన్న కణానికి ఇవాళ గాలి అందింది. అందింది కాబట్టే ఇవాళ కిరణానికి దొరికింది. రేపు ఇంకో మడి. అలా వంతు వంతుకీ గాలి శివారుకి జరుగుతూ ఉంటుంది, వెనకే కిరణమూ వెళుతుంది. రెండో లాభం, గడ్డ చుట్టూ ఉన్న మంచి కణాలకి రాత్రంతా టైము దొరుకుతుంది, తెగిన పేటలు అతుక్కోవడానికి. నిజం చెప్పాలంటే వంతుల పద్ధతి గ్రే కంటే ముందే ఉంది, ఫ్రాన్సులో డాక్టర్లు అనుభవం మీద పట్టుకున్నారు. అది ఎందుకు పనిచేస్తుందన్నదానికి ఒక పెద్ద కారణం ఈ చిక్కుడు వేళ్ళ దారిలో దొరికింది.

అత్తయ్యకి 66 గ్రే అంటే భయపడకండి. ఒళ్ళంతా కాదు, గొంతు దగ్గర ఆ కాస్త మేరకే, అదీ వంతుల్లో.

శివారుకి గాలి పంపడానికి తర్వాత ఎన్ని తంటాలు పడ్డారో! లండన్‌లోనే సెయింట్ థామస్ ఆస్పత్రిలో చర్చిల్-డేవిడ్సన్ అనే డాక్టరు రోగిని గట్టి ట్యాంకులో పడుకోబెట్టి, ఒత్తిడితో ఆక్సిజన్ నింపి, అప్పుడు రేడియేషన్ పెట్టారు. కొందరికి మేలు జరిగింది గానీ రోజూ చేయడానికి అదో పెద్ద యజ్ఞం. ఆక్సిజన్ పని చేసే మందు దొరుకుతుందా అని గ్రే పేరు పెట్టుకున్న పరిశోధనశాల వాళ్ళే వెతికారు. విరేచనాలకి మీరు మింగి మొహం చిట్లించే చేదు బిళ్ళ ఉందే, మెట్రోనిడజోల్, దాని చుట్టాలే ఆ మందులు. ఒకటి నరాలకి హాని చేసిందని వదిలేశారు. నిమోరజోల్ అనే ఇంకోదాన్ని డెన్మార్క్‌లో తల, గొంతు క్యాన్సర్లకి ఇస్తూ వచ్చారు. ఇంత దూరం పోకుండా మన ఆస్పత్రుల్లో డాక్టరు ముందు చూసేది నెత్తురు ఎంతుందని. నెత్తురు తక్కువైతే కాలవలో నీరే తక్కువ కదా. పొగ మానమని ఎందుకంత గట్టిగా చెబుతారో కూడా ఇప్పుడు తెలిసిందిగా? పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన పీట మీద కూర్చుంటుంది. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు పడి పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. అందుకే ఆ విషయంలో నేను ఎవరితోనైనా గొడవ పడతాను.

గ్రే 1953లో తిరిగి మౌంట్ వెర్నన్ వచ్చి అక్కడ సొంత పరిశోధనశాల నిలబెట్టారు. కిరణం తగిలిన నీళ్ళలో రెప్పపాటులో ఏమవుతుందో పట్టుకునే పద్ధతిని అక్కడ జాక్ బోగ్ అభివృద్ధి చేశారు. 1962లో అమెరికా నుంచి వచ్చిన హార్ట్, బోగ్ కలిసి, నీటి అణువుల్ని చుట్టూ కప్పుకుని కూర్చున్న ఒంటరి ఎలక్ట్రాన్‌ని ఆ పద్ధతితోనే చూశారు. భౌతికం, రసాయనం, జీవం అని గోడలు కట్టుకోకుండా ఒకే అరుగు మీద అందరూ కూర్చుంటే ఇలాంటివే పుడతాయి. గ్రే ఎక్కువ కాలం ఉండలేదు. పక్షవాతం వచ్చి, 1965 జులై 9న పోయారు. అరవై కూడా నిండలేదు. పదేళ్ళ తర్వాత, 1975లో, ప్రపంచమంతా కలిసి ఆ కొలతకి ఆయన పేరు పెట్టుకుంది. అంతకు ముందు రాడ్ అనేవారు. వంద రాడ్లు ఒక గ్రే, మనకి వీశె పోయి కిలో వచ్చినట్టు.

అదుగో, బామ్మ మెతుకు పట్టుకుని చూస్తోంది, ఇంకాసేపట్లో పిలుస్తుంది. అత్తయ్యకి గొంతు మంటగా ఉండి అన్నం దిగట్లేదు, రాగిజావ పట్టుకెళ్ళండి. కారం తగలకూడదు. మెడ మీద రంగు గీతలు కనబడితే చెరపకండర్రా, కిరణం ఎక్కడ పడాలో అవే గుర్తు. 19 వంతులు అయ్యాయట, ఇంకా 14.

చంటీ, ఎక్కడికి? చిక్కుడు గింజలకా? వంటింట్లో డబ్బాలో ఉన్నాయి, పది తెచ్చుకో. తడిగుడ్డలో చుట్టి రోజూ వేరు పొడుగు నోటు పుస్తకంలో రాయి. గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్ళలో ముంచెయ్యకు సుమా. మునిగితే వేరుకి గాలి అందదు.